గుండె చప్పుడు ఎవరికి వినిపించాలి: ఒక శ్రవణ నాటకం తయారీ డైరీ

జూన్ మొదటి వారం

అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో కథ ‘ద టెల్-టేల్ హార్ట్’ను తెలుగులో శ్రవణ నాటకంగా చేస్తున్నాం. ఇరవై నిమిషాలు దాటకూడదన్నది నియమం. కథ చెప్పే గొంతు బాబాయిది. శబ్దాలు, రికార్డింగు, కూర్పు నావి. మా అక్క మానసిక వైద్యురాలు కాబట్టి సందేహం వచ్చిన చోటల్లా ఆమెను అడుగుతున్నాను. అనువాద ప్రతి చేతిలో ఉంది. ఇక వినిపించే పని మొదలుపెట్టాలి.

నేరకథల్లో నాకు ప్రాణమైనవి ‘చంపింది ఎవరు’ అన్న ప్రశ్న మీద నడిచేవి కావు. చంపినవాడే మన ఎదుట కూర్చుని, జరిగింది జరిగినట్టు చెబుతున్నానని నమ్మబలుకుతూ, చెప్పేకొద్దీ ఆ నమ్మకాన్ని తన చేతులతోనే కూల్చుకుంటూ పోయే కథలంటే నాకు ఇష్టం. ఆ తరహాకు దారి వేసినవాళ్లలో పో ముందువరసలో ఉంటాడు. ఈ కథ 1843 జనవరిలో బోస్టన్ నుంచి వచ్చిన ‘ద పయనీర్’ అనే పత్రిక మొదటి సంచికలో అచ్చయింది. ఆ పత్రిక మూడు సంచికలతోనే ఆగిపోయింది. కథ మాత్రం నిలిచిపోయింది.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. పేరు లేని ఒక మనిషి ఒక ముసలాయనతో కలిసి ఒకే ఇంట్లో ఉంటాడు. ముసలాయన మీద పగ లేదు, ఆయన డబ్బు మీద ఆశ లేదు, పైగా ఆయనంటే ప్రేమే. కాకపోతే ఆయన కన్ను ఒకటి పొర కమ్మి, లేత నీలంగా, రాబందు కన్నులా ఉంటుంది. అది తన మీద పడినప్పుడల్లా ఒళ్లు గడ్డకట్టుకుపోతుంది. ఆ కన్ను పీడ వదిలించుకోవాలని నిశ్చయించుకుంటాడు. ఏడు రాత్రులు అర్ధరాత్రి వేళ తలుపు తీసి, మూత వేసిన లాంతరులోంచి ఒక్క వెలుగు గీతను ఆ కంటి మీద వేసి చూస్తాడు. కన్ను మూసే ఉంటుంది. ఎనిమిదో రాత్రి ముసలాయన మేలుకుంటాడు. హత్య జరుగుతుంది. శవం నేల పలకల కిందికి పోతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు ముగ్గురు పోలీసులు వస్తారు. వాళ్లను అదే గదిలో కూర్చోబెట్టి, తన కుర్చీ సరిగ్గా శవం మీదే వేసుకుంటాడు. అప్పుడు కింది నుంచి గుండె చప్పుడు వినిపించడం మొదలవుతుంది.

ఈ వారం చేసిన పని ఒక్కటే. పెద్ద అట్ట మీద రెండు గడులు గీశాను. ఎడమ గడిలో ‘తనకు వినిపించిందని అతను చెప్పినవి’, కుడి గడిలో ‘ఇంకొకరికి కూడా వినిపించినవి’. ఎడమ గడి నిండిపోయింది: స్వర్గంలోవి, భూమ్మీదవి, నరకంలోవి, గోడలో పురుగుల టిక్కుటిక్కులు, ముసలాయన మూలుగు, దూదిలో చుట్టిన గడియారం లాంటి చప్పుడు, గుండె. కుడి గడిలో గట్టిగా నిలబడేది ఒక్కటే, ముసలాయన పెట్టిన కేక. పక్కింటివాళ్లు విన్నారు కాబట్టే పోలీసులు వచ్చారు. ఆ ఒక్కటి కూడా మనకు చేరింది అతని నోటి మీదుగానే.

ఆ అట్ట చూస్తుంటే మా పనిలోని అసలు చిక్కు తెలిసింది. కాగితం మీద ‘నాకు గుండె చప్పుడు వినిపించింది’ అని ఉంటే అది అతని మాట. శ్రవణ నాటకంలో నేను ఆ చప్పుడు వేస్తే అది సాక్ష్యం. చెవికి అనుమానం తక్కువ, పడినదాన్ని పడినట్టు నమ్మేస్తుంది. అతని పిచ్చికి నేనే సాక్షిగా నిలబడకూడదు. అలాగని అతను అబద్ధమాడుతున్నాడని నేనే తీర్పు చెప్పడమూ తగదు. ఈ నాటకంలో ప్రతి శబ్దాన్నీ ఈ తూకంలో వేసుకుని చూడాలి.

జూన్ రెండో వారం

రికార్డింగు మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న తేలాలి. ఇతను ఎవరికి చెబుతున్నాడు? ‘మీరు నన్ను పిచ్చివాడంటారెందుకు’ అని ఎదుటివాళ్లను నిలదీస్తున్నాడు. ఎదుట ఉన్నది జడ్జీయా, డాక్టరా, జైలు కాపలాదారా అన్నది కథలో లేదు. దాని కోసం ఆ కాలపు కోర్టుల సంగతి చదువుతూ కూర్చున్నాను. చదివింది నాటకం నడకనే మార్చేసింది.

కథ అచ్చయిన నెలలోనే, 1843 జనవరి 20న, లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే మనిషి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను వెనక నుంచి పిస్తోలుతో కాల్చాడు. డ్రమండ్ బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి. అయిదు రోజులకు చనిపోయాడు. అధికార పక్షం తనను వేటాడుతోందన్న భ్రమలో మెక్‌నాటన్ ఉన్నాడని వైద్యులు సాక్ష్యమివ్వడంతో మార్చిలో కోర్టు అతన్ని ఉన్మాదం కారణంగా నిర్దోషి అంది. దేశంలో గగ్గోలు పుట్టింది. చివరికి అక్కడి పార్లమెంటులోని ప్రభువుల సభ అడిగిన ప్రశ్నలకు న్యాయమూర్తులు జవాబులిచ్చారు. వాటినే మెక్‌నాటన్ సూత్రాలంటారు. సారాంశం ఇది: మనోవ్యాధి వల్ల తాను చేస్తున్నదేమిటో తెలియని స్థితిలోనో, అది తప్పని తెలియని స్థితిలోనో ఉంటేనే నేరం అంటదు. ఈ సూత్రమే 1860లో మన శిక్షాస్మృతిలోకి 84వ సెక్షనుగా వచ్చింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షను.

కథ రాసేనాటికి పోకు ఈ కేసు తెలిసే వీలు లేదు. కానీ ఈ వాదం అప్పటికే అమెరికా కోర్టుల్లో గట్టిగా నలుగుతోంది. అతను అప్పుడు ఉన్న ఫిలడెల్ఫియాలోనే 1840లో, కన్న కూతుర్ని కాల్చి చంపిన జేమ్స్ వుడ్‌ను ఉన్మాదం కింద నిర్దోషి అన్నారు. ఆ విచారణ మీద పో ఒక పత్రికలో వ్యాఖ్య కూడా రాశాడు. ఇంకా వెనక్కి వెళితే 1830లో మసాచుసెట్స్‌లోని సేలంలో, కెప్టెన్ జోసెఫ్ వైట్ అనే 82 ఏళ్ల ముసలాయనను నిద్రలో ఉండగా చంపారు. ఆ కేసులో ప్రాసిక్యూషన్ తరఫున వాదించిన డేనియల్ వెబ్‌స్టర్, హంతకుడి రహస్యం లోలోపలే అతన్ని తొలిచి చివరికి నోటి నుంచి బయటికి తోస్తుందని చేసిన ప్రసంగం దేశమంతా చదివింది. ఈ కథకు ఆ ప్రసంగం ఒక మూలమని పరిశోధకులు చాలామంది అంటారు. చదివితే నాకూ అలాగే అనిపించింది.

ఇక్కడ కథలోని ఉచ్చు నాకు కళ్లకు కట్టింది. అతను తనకు పిచ్చి లేదని రుజువు చేయడానికి ఏం చూపిస్తున్నాడు? ఎంత జాగ్రత్తగా ప్లాను వేశాడో, తలుపు ఎంత మెల్లగా తీశాడో, రక్తపు మరక ఒక్కటి కూడా పడకుండా ఎలా చూసుకున్నాడో, పలకలు ఎంత నేర్పుగా తిరిగి బిగించాడో. దాచాడంటే తప్పని తెలుసన్నమాట. మెక్‌నాటన్ సూత్రం ముందు నిలబెడితే అతని ప్రతి వాక్యమూ అతన్ని ఉరికంబం దగ్గరికి నడిపిస్తుంది. పిచ్చివాణ్ణని ఒప్పుకుంటే ప్రాణం దక్కే చోట, కాదని ప్రాణం పెట్టి వాదిస్తున్నాడు. తన వాదన గెలిస్తే తాను పోతానన్న సంగతి ఇంత తెలివైనవాడికి తట్టడం లేదు. అతని మతి గతి తప్పిందనడానికి ఇంతకు మించిన ఆనవాలు నాకు కథలో కనిపించలేదు. పో ఈ ముక్కను ఎక్కడా విప్పి చెప్పలేదు, అలా వదిలేశాడు. మేమూ వదిలేస్తాం.

ఈ చదువు వల్ల ఒక పని నిర్ణయం జరిగింది. గొంతుకు కోర్టు హాలు ప్రతిధ్వని గానీ, జైలు గది మారుమోత గానీ కలపడం లేదు. అతను ఎక్కడ కూర్చున్నాడో చెవికి తెలియకూడదు. మైకుకు దగ్గరగా, పొడి గొంతు. వింటున్న మనిషే ఆ ‘మీరు’.

జూన్ మూడో వారం

బాబాయి గొంతు పరీక్ష. ఆయన వయసులో ఉన్నప్పుడు పద్య నాటకాలు ఆడినవారు. మైకులు సరిగా లేని రోజుల్లో ఆఖరి వరుస దాకా వినిపించేలా పద్యం ఎత్తుకోవడం అలవాటైన గొంతు. మొదటి వాక్యానికే వెర్రి నవ్వు ఒకటి నవ్వి, కళ్లు తిప్పి, గొంతు కీచుగా చేసి అందుకున్నారు. గదిలో ఉన్న నాకు ఒళ్లు జలదరించింది. కానీ మాకు కావలసింది అది కాదు.

“అమ్మాయీ, పిచ్చివాడి వేషమంటే జనం ఆ నవ్వు కోసమే ఎదురుచూస్తారు” అన్నారు.

“బాబాయ్, అతను కథ చెబుతున్నదే తనకు పిచ్చి లేదని నమ్మించడానికి. మొదటి వాక్యంలోనే మీరు ఒప్పేసుకుంటే ఇక అతను ఇరవై నిమిషాలు ఏం చెబుతాడు?”

కాసేపు మాట్లాడలేదు. కాగితాలు మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు. “అయితే వీడు వకీలన్నమాట. తన కేసు తనే వాదించుకుంటున్నాడు” అన్నారు. ఆ ఒక్క మాటతో పాత్ర ఆయన చేతికి వచ్చింది. రెండోసారి చదివినప్పుడు లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని పద్దులు వివరించే గుమాస్తాలా చదివారు. ‘తలుపు సందులో తల పెట్టడానికి గంట పట్టింది’ అన్న వాక్యం కూరగాయల ధర చెప్పినంత మామూలుగా వచ్చింది. నవ్వు కంటే వెయ్యిరెట్లు భయమేసింది.

గొంతు జారాల్సిన చోట్లు కలిసి గుర్తుపెట్టుకున్నాం. పో రాతలోనే ఆనవాళ్లున్నాయి. ఈ మనిషికి భయమేసినప్పుడు ఒకే మాటను రెండుసార్లు, మూడుసార్లు అంటాడు. మెల్లగా, చాలా చాలా మెల్లగా. జాగ్రత్తగా, ఎంతో జాగ్రత్తగా. ఆ రెండో మాట దగ్గర ఊపిరి కొంచెం పొట్టిగా తీసుకోవాలి. అంతకు మించి నటన వద్దు. పోలీసులు వచ్చేదాకా ఇంతే. ఆ తర్వాతే వేగం పెరుగుతుంది.

బాబాయి పట్టుకున్న ఇంకొక ముడి ఉంది. చీకట్లో ముసలాయన మూలిగినప్పుడు ఇతను ‘ఆ మూలుగు నాకు బాగా తెలుసు, ఎన్నో అర్ధరాత్రులు అది నా గుండెలోంచే పైకి వచ్చింది’ అంటాడు. మంచం మీద కూర్చుని చెవి ఒగ్గి వింటున్న ముసలాయనను చూసి, తానూ రాత్రి తర్వాత రాత్రి అలాగే గోడలో పురుగుల టిక్కుటిక్కులు వింటూ కూర్చున్నానంటాడు. “వీడు చంపుతున్నది ముసలాయన్నా, తన భయాన్నా?” అని అడిగారు బాబాయి. నా దగ్గర జవాబు లేదు. ఆ రెండు వాక్యాలనూ ముసలాయన మూలుగు వినిపించిన గొంతుతోనే చదవమన్నాను. ఎలాగూ మూలుగు కూడా ఆయనే ఇవ్వాలి. రెండు పాత్రలకూ ఒకే ఊపిరి.

జూన్ చివర

చప్పుళ్ల వేట. మన ఇళ్లలో చెక్క నేలలు ఉండవు. గచ్చు మీద, టైల్సు మీద కుర్చీ జరిపితే కీచుమంటుంది తప్ప కింద ఖాళీ ఉన్నట్టు వినిపించదు. మా వీధి చివర వడ్రంగి మేస్త్రిని అడిగితే పాత తలుపుల్లోంచి తీసిన టేకు పలకలు మూడు ఇచ్చాడు. వాటిని ఇటుకల మీద పరిచి, ఆ పైన కుర్చీ వేశాం. పలకల కింద మైకు పెట్టాలా, పైన పెట్టాలా అని ఆలోచించి రెండు చోట్లా పెట్టాం. కింది మైకులో వచ్చింది చాలా విచిత్రంగా ఉంది. పైన కూర్చున్న మనిషి కొంచెం కదిలినా, కింద ఉన్నవాడి చెవికి ఆ బరువు ఎలా వినిపిస్తుందో అచ్చం అలా ఉంది. శవానికి చెవులుంటే అదే వినేది. పోలీసుల ఘట్టంలో కుర్చీ శబ్దాలన్నీ ఈ కింది మైకువే వాడతాను. ఎవరి చెవితో వింటున్నామో శ్రోతకు చెప్పను.

లాంతరు బందు కిర్రుమనడానికి పాత ట్రంకు పెట్టె సరిపోయింది. బొటనవేలు జారి రేకు గొళ్లెం టిక్కుమన్న శబ్దం కథలో కీలకం, ముసలాయన మేలుకునేది దానికే. బిస్కెట్ల రేకు డబ్బా మూతను గోటితో తాటించి తీశాం. ఇది మాత్రం పెద్దగా, దగ్గరగా, ఎలాంటి మాయా లేకుండా ఉంచుతున్నాను. ఎందుకంటే ఈ శబ్దం ముసలాయనకు కూడా వినపడింది, ‘ఎవరక్కడ’ అని అరిచాడు. కుడి గడిలో చేర్చదగ్గ చప్పుడు.

గోడలోని పురుగు గురించి కొంచెం రాయాలి. ఇంగ్లీషువాళ్లు దాన్ని మృత్యు గడియారం అంటారు. పాత దూలాల్లో గూడు కట్టే చిన్న పెంకు పురుగు. జోడును పిలవడానికి తలను చెక్కకు కొట్టుకుంటుంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో రోగి పక్కన రాత్రంతా మేలుకున్నవాళ్లకే అది వినిపించేది. అందుకే చావుకు శకునమన్న నమ్మకం పుట్టింది. కథలోని ‘గుండె చప్పుడు’ అసలు ఈ జాతి పురుగుల చప్పుడేనని వాదించిన విమర్శకులున్నారు. నాకు ఆ వాదం పూర్తిగా రుచించలేదు. అన్నీ అంత తేలిగ్గా ఒక పురుగు మీదికి నెట్టేస్తే మనిషి ఏమైపోతాడు? అయినా శబ్దం మాత్రం కావాలి. ద్వారబంధానికి పెన్సిలు మొద్దు చివరతో కొట్టి తీశాం.

జులై మొదటి వారం

ఈ వారం అంతా గడియారమే.

కథలో గడియారం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకుంటూ చదవండి. తలుపు దగ్గర తన చెయ్యి, గడియారంలోని నిమిషాల ముల్లు కంటే నెమ్మదిగా కదిలిందంటాడు. గోడలో పురుగు పేరులోనూ గడియారమే. ముసలాయన గుండె ‘దూదిలో చుట్టిన గడియారం చేసే చప్పుడులా మందంగా, వేగంగా’ ఉందంటాడు. చివర్లో పలకల కింది చప్పుడుకూ అవే మాటలు వాడతాడు. గుండె గురించి చెప్పడానికి అతని దగ్గర ఉన్న భాష గడియారమొక్కటే. అందుకే మేం గుండెను కాకుండా గడియారాన్ని రికార్డు చేశాం.

బాబాయి దగ్గర కీ ఇచ్చే పాత హెచ్ఎంటీ చేతి గడియారం ఉంది. దాన్ని మందుల షాపులో కొన్న దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి, పెట్టెకు కాలరు మైకు ఆనించి, బొంతల మధ్య పెట్టి రాత్రి రెండు గంటలకు రికార్డు చేశాం. ఆ వేళకు తప్ప మా వీధిలో ఫ్యాన్లు, మోటార్లు, కుక్కలు అన్నీ కలిసి ఊరుకోవు. వచ్చిన శబ్దం చూస్తే అందులో లోహం లేదు. దూది ఆ కరుకుదనాన్ని మొత్తం మింగేసి, మెత్తని తాకిడి మాత్రం మిగిల్చింది. పో ఇది తప్పకుండా చెవి పెట్టి విని రాసి ఉంటాడనిపించింది.

తర్వాత లెక్క. ఈ గడియారం గంటకు 18,000 టిక్కులు కొడుతుంది, అంటే సెకనుకు 5. పో కాలపు జేబు గడియారాల్లో చాలావాటికి గంటకు 14,400, సెకనుకు 4. మామూలు గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుంది. గడియారానికీ గుండెకూ పొంతన ఎక్కడ? ఇక్కడే అక్క ఒక సంగతి చెప్పింది. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు వచ్చే శబ్దాలు రెండు, లబ్ అని ఒకటి, డబ్ అని ఒకటి. నెమ్మదిగా కొట్టుకునేటప్పుడు ఆ రెంటి మధ్య ఎడం తక్కువ, డబ్ తర్వాత విరామం ఎక్కువ. అందుకే జంటగా వినిపిస్తుంది. భయంతో గుండె పరుగెత్తేటప్పుడు ఆ విరామమే కుంచించుకుపోతుంది. రెండు శబ్దాలూ సమాన దూరంలోకి వచ్చేస్తాయి. వైద్య పుస్తకాల్లో దానికి టిక్-టాక్ లయ అనే పేరే ఉందట.

లెక్క వేసి చూశాను. భయపడిన గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటే శబ్దాలు 240. అంటే సెకనుకు 4. సరిగ్గా ఆ కాలపు జేబు గడియారం వేగం! కాగితం మీద ఆ అంకె పడగానే లేచి నిలబడ్డాను. పో లెక్క కట్టి రాశాడని నేను అనను. కానీ భయంతో పరుగెత్తే గుండెను చీకట్లో విన్నవాడికి దూదిలోని గడియారమే గుర్తుకు రావడంలో కవిత్వం మాత్రమే కాదు, కొలత కూడా ఉంది.

పని సులువైపోయింది. ఆడాసిటీ అనే శబ్దాల కూర్పు సాఫ్ట్‌వేరులో రికార్డింగు వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే 18,000 కాస్తా 14,400 అవుతుంది. స్వరం కూడా దిగుతుంది కాబట్టి టిక్కు మరింత మందంగా, ఛాతీలోంచి వచ్చినట్టు మారుతుంది. మనిషి అదే, గడియారమూ అదే. శ్రోత దాన్ని గుండె అనుకోవచ్చు, గడియారం అనుకోవచ్చు, పురుగు అనుకోవచ్చు. నేను ఏ అబద్ధమూ ఆడలేదు.

ఇంకొక లాభం కూడా ఉంది. నిజం గుండె శబ్దాలు ఎక్కువ భాగం 20 నుంచి 150 హెర్ట్జ్ లోపు ఉంటాయి. మన శ్రోతల్లో చాలామంది వినేది ఫోను స్పీకర్లలో. అవి అంత లోతు శబ్దాన్ని దాదాపు పలకవు. గడియారం తాకిడిలో పై స్వరాలు మిగిలి ఉన్నాయి కాబట్టి చిన్న ఫోనులోనూ అందుతుంది.

జులై రెండో వారం

అక్క ఇంటికి వెళ్లి ప్రతి మొత్తం వినిపించాను. ‘ఇది ఫలానా జబ్బు’ అని ఆమె నోట అనిపించాలని వెళ్లలేదు. అడిగినా అనదు. “మనిషిని చూడకుండా రోగం పేరు చెప్పను, కథలో మనిషినైనా సరే” అంది. నేను అడిగింది జ్ఞాపకం గురించి.

“అక్కా, ఇతనికి అన్నీ ఇంత వివరంగా గుర్తున్నాయి. ఎన్ని రాత్రులు, ఎన్ని గంటలు, ఎన్ని పలకలు. వివరాలు ఇంత పక్కాగా ఉన్నప్పుడు నమ్మకూడదని ఎందుకనిపిస్తుంది?”

“వివరం ఉన్నంత మాత్రాన నిజం కాదే. నమ్మకం గట్టిగా ఉన్నంత మాత్రానా కాదు” అంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు, అమెరికాలో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులతో ‘ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా, ఏం చేస్తుండగా విన్నారు’ అని రాయించుకున్నాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో కొందరిని పిలిచి మళ్లీ అడిగాడు. చాలామంది జవాబులు మారిపోయాయి. ఎంత కచ్చితంగా చెప్పారంటే, తమ చేతిరాతతో ఉన్న పాత కాగితం చూపించినా కొందరు కొత్త జ్ఞాపకాన్నే పట్టుకుని కూర్చున్నారు. వాళ్లెవరికీ ఏ జబ్బూ లేదు.

ఇది విన్నాక ప్రతిలో ఒక మార్పు చేశాను. ఈ మనిషికి మొదట ఆ ఆలోచన ఎలా వచ్చిందో గుర్తులేదు. అతనే ఒప్పుకుంటాడు, అది తలలోకి ఎలా దూరిందో చెప్పలేనంటాడు. ఆపైన కారణం కోసం వెతుక్కుని, ‘కన్ను అనుకుంటాను! అవును, అదే!’ అంటాడు. హత్యకు కారణం మన కళ్ల ముందే, చెబుతుండగానే తయారవుతోంది. ఆ ‘అవును, అదే’కి ముందు బాబాయి ఇచ్చిన విరామం చిన్నదిగా ఉంది. ఆ చోట మౌనాన్ని సాగదీశాం. గంటల లెక్కలన్నీ గుర్తున్న మనిషికి అసలు కారణం మాత్రం వెతికితే గానీ దొరకలేదన్నది శ్రోత చెవికి అందాలి.

అక్క దగ్గర పాత స్టెతస్కోపు ఒకటి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. గొట్టం కోసి కాలరు మైకు దూర్చి, బాబాయి చివరి ఘట్టం చదవడం పూర్తిచేసిన క్షణంలో ఆయన ఛాతీకి పెట్టాను. నిమిషానికి వంద దాటింది. చాలా బాగా వచ్చింది. హెడ్‌ఫోనులో విన్న వెంటనే ఇదే వాడేయాలన్న కోరిక పుట్టింది. వాడను. అది వేస్తే పలకల కింద నిజంగా గుండె ఉన్నట్టే.

జులై మూడో వారం

కూర్పు. పోలీసుల ఘట్టమే కష్టం. నాటక సమాజంలో బాబాయి స్నేహితులు ముగ్గురు కూర్చుని మామిడిపళ్ల గురించి మాట్లాడుకుంటుంటే పక్క గదిలోంచి తీశాం. మాటలు తెలియవు, ముచ్చట తెలుస్తుంది. ఘట్టం మొదటి నుంచి చివరి దాకా ఈ ముచ్చట గొంతులు ఒక్క పిసరు పెరగవు, తగ్గవు. గడియారం మాత్రం మెల్లగా లేస్తుంది. దాని మీదుగా అరుస్తూ బాబాయి గొంతు లేస్తుంది. పక్కనే పిడుగు పడుతున్నట్టు ఒకడు వింటుంటే మిగిలిన ముగ్గురూ హాయిగా నవ్వుకుంటున్నారు. వాళ్లు విని కూడా విననట్టు నటిస్తున్నారని, తన భయాన్ని చూసి వేళాకోళం చేస్తున్నారని అతను అనుకుంటాడు. వాళ్ల గొంతుల్లో మార్పు ఉందో లేదో శ్రోతే తేల్చుకోవాలి.

గడియారం మొదటి నిమిషం నుంచే ఉంది. వినీ వినిపించనంత కింద, గొంతుకు 40 డెసిబెల్స్ దిగువన. ముసలాయన బతికుండగా, హత్య ఆలోచన కూడా రాకముందు నుంచి. జాగ్రత్తగా వినేవారికి ఇది దొరుకుతుందని నా ఆశ.

జులై చివర

నాటక సమాజం గదిలో కొంతమందికి వినిపించాం. అయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, విన్న శబ్దాలన్నీ చీటీల మీద రాయమన్నాం.

చీటీలు చూస్తుంటే ఆశ్చర్యం వేసింది. చివరి ఘట్టంలో కొందరు గుండె అని రాశారు, కొందరు గడియారం అని, ఒకాయన ‘ఎవరో తలుపు కొడుతున్నారు’ అని. మేం కోరుకున్నది అదే. కానీ మేం కోరుకోనిది ఒకటి వచ్చింది. ముసలాయన రెండుసార్లు కేక పెట్టాడని కొందరు రాశారు. కథలో ‘ఒక్కసారి, ఒకే ఒక్కసారి అరిచాడు’ అని ఉంది. మేం పెట్టిందీ ఒక్కటే. పోలీసులు వచ్చి పక్కింటివాళ్లు విన్న కేక గురించి చెబుతారు కదా, ఆ మాట వాళ్ల చెవుల్లో రెండో కేకగా మారిపోయింది.

అక్కకు ఫోను చేసి చెబితే 1974 నాటి ప్రయోగం ఒకటి గుర్తుచేసింది. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కారు ప్రమాదం ఉన్న ఫిల్ము చూపించి, కార్లు ‘తగిలినప్పుడు’ ఎంత వేగంలో ఉన్నాయని కొందరిని, ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అని కొందరిని అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే, మొదటి గుంపులో 50 మందిలో 7 మంది, రెండో గుంపులో 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు.

బాబాయి ఆ చీటీలన్నీ చదివి, “మనవాళ్లను బోనెక్కిస్తే వీడికంటే ఏం గొప్పగా చెబుతారు?” అన్నారు. తర్వాత గడియారం ఏ నిమిషం దగ్గర మొదలైందని రాశారో చూశాం. పోలీసులు వచ్చాకే అని ఎక్కువమంది. ఒక్కావిడ మాత్రం ‘మొదటి నుంచీ ఉంది, నా చేతి గడియారమేమో అనుకుని తీసి సంచిలో పెట్టుకున్నాను’ అని రాసింది. ఆ చీటీ దాచుకున్నాను.

మిగిలిన పనులు: కేకను మార్చకూడదు, ఒక్కటిగానే ఉంచాలి. రేకు డబ్బా టిక్కు ఇంకో రెండు డెసిబెల్స్ పెంచాలి. బాబాయి నాలుగో పేజీలో ‘పలకలు’ దగ్గర మింగేసిన అక్షరాన్ని మళ్లీ రికార్డు చేయాలి. మేస్త్రి పలకలు ఇప్పుడే వెనక్కి ఇవ్వడం లేదు, తర్వాతి నాటకానికి ఉంచుకుంటున్నాం. అదే 1843లో ఆగస్టులో పో రాసిన ‘ద బ్లాక్ క్యాట్’ అచ్చయింది. అందులో శవాన్ని గోడలో పెట్టి ఇటుకలు పేరుస్తాడు, గోడ లోపలి నుంచి వచ్చే ఏడుపును పోలీసులు కూడా వింటారు. వాళ్లు కూడా విన్న శబ్దాన్ని ఎలా వినిపించాలన్నది ఆ నాటకం ప్రశ్న. ఇటుకల కోసం వచ్చే ఆదివారం బాబాయి, నేనూ బట్టీ దాకా వెళ్తున్నాం.